చేతిలో కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు: మన వార్డు నుంచి ఏం అడగాలి?

మద్దిలపాలెం పెద్దబ్బాయి · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. 2024 మే 13న, ఎన్నికల రోజున, జరిగింది ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు.

మా అమ్మకి డెబ్బై దాటాయి. ఓటు రోజంటే ఆవిడకి పండగ. ముందు రాత్రే చీర తీసి కుర్చీ మీద వేసుకుంటుంది. వరస పెరగక ముందే వెళ్ళాలని తెల్లారి కాఫీ కూడా తాగదు. ఆ రోజు ఏడింటికల్లా బడి దగ్గర ఉన్నాం. నా పేరుంది, మా ఆవిడ పేరుంది, అమ్మ పేరు లేదు. జాబితా అటూ ఇటూ తిప్పారు, పక్క గదిలో చూడమన్నారు, అక్కడా లేదు. "కార్డుంటే చాలదమ్మా, పేరుండాలి" అన్నారు. బూత్‌లో కూర్చున్నవాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకిచ్చిన కాగితంలో లేనిది వాళ్ళు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇంటికొచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు. రాత్రి అన్నం దగ్గర అడిగింది: "నేను పోయాననుకున్నారేంట్రా?"

విశాఖలో మా కాలనీ సంఘం తరఫున ఈఆర్వో (ఓటరు జాబితా నమోదు అధికారి) గారికి వినతిపత్రం ఇద్దామని ఉంది. "జాబితా బాగుచేయండి" అని ఒక్క ముక్క రాసిస్తే అది ఫైల్లో పడి ఉంటుంది. పనికొచ్చేలా ఏం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఏ పార్టీ తీయించింది అన్న గొడవ మాత్రం ఇక్కడ వద్దని మనవి.

అల్లిపురం వకీలు · ఆదివారం రాత్రి 10:25

పెద్దబ్బాయి గారూ, అమ్మగారు అడిగిన మాటలోనే చట్టంలోని చిల్లు ఉంది.

పేరు తీసే అధికారం 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 22 నుంచి వస్తుంది. ఊరు మారారనో అర్హత లేదనో తీయాలంటే ముందుగా ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఆ సెక్షన్లోనే ఉంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఒకసారి జాబితాలోకెక్కిన పేరుని నోటీసు లేకుండా, వాదన వినకుండా తీయకూడదంది. కానీ ఈఆర్వో తనంతట తానే "చనిపోయారు" అని తీసేటప్పుడు ఆ అవకాశం ఇవ్వాలని సెక్షన్లో లేదు. పోయినవాళ్ళకి నోటీసు ఎలా ఇస్తారు అన్నది అక్కడి తర్కం. మరి బతికున్నవాళ్ళని పొరపాటున చనిపోయినట్టు రాస్తేనో? వాళ్ళకి తెలిసేది బూత్ దగ్గరే.

అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. నామినేషన్ల ఆఖరు రోజు దాటాక జాబితాలో ఒక్క అక్షరం మార్చకూడదని సెక్షన్ 23 చెబుతుంది. 2024లో మన రాష్ట్రంలో ఆ రోజు ఏప్రిల్ 25. మే 13న కలెక్టరు గారే స్వయంగా వచ్చి నిలబడినా అమ్మగారి పేరు చేర్చలేరు. పేరు తీసిన ఉత్తర్వు మీద 15 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. తీసేశారన్న సంగతే తెలియనివాళ్ళకి ఆ 15 రోజులు దేనికి పనికొస్తాయి?

వినతిపత్రంలో మొదటి మాటగా ఇది రాయండి: మరణం కారణంగా పేరు తీసే ప్రతిసారీ మరణ ధ్రువపత్రం గానీ, కుటుంబసభ్యుల సంతకం గానీ ఉండాలి. పక్కింటివాళ్ళు చెప్పారు అన్నది ఆధారం కాకూడదు.

బూత్ టీచరమ్మ · సోమవారం ఉదయం 6:10

నేను గవర్నమెంటు బళ్ళో టీచర్ని, రెండు విడతలు బీఎల్వోగా, అంటే ఇంటింటికీ తిరిగి జాబితా సరిచూసే బూత్ స్థాయి అధికారిగా చేశాను. వకీలు గారు చెప్పింది నిజమే. మా వైపు సంగతి కూడా వినండి.

నాకిచ్చిన భాగంలో, అంటే ఒక బూత్ జాబితాలో, వెయ్యి మందికి పైగా ఓటర్లు. బడి వదిలాక, ఆదివారాల్లో తిరగాలి. అపార్ట్‌మెంటుకి వెళ్తే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. పైనుంచి ఫోన్లో "సర్వేలేవీ వద్దు" అంటారు. పగలు వెళ్తే ఇళ్ళకి తాళాలు, రాత్రి వెళ్తే ఆడమనిషిని, చీకట్లో మెట్లెక్కాలంటే భయం. మూడుసార్లు వెళ్ళాక కూడా తాళం ఉంటే పక్కింటివాళ్ళని అడగడం తప్ప దారి లేదు. వాళ్ళు "ఖాళీ చేసి వెళ్ళిపోయారండీ" అంటే అదే రాసుకుంటాం. అక్కడే పొరపాటు జరుగుతుంది, ఒప్పుకుంటున్నాను.

ఇంకొక బాధ. ఇంట్లో మనిషి పోతే పింఛను ఆపించడానికి, బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి, ఇల్లు పేరు మార్చుకోవడానికి అన్నిచోట్లకీ వెళ్తారు. ఓటరు జాబితాలోంచి తీయించడానికి మాత్రం ఎవరూ రారు. ఫారం 7 అనేది ఒకటుందని చెప్తే మొహం ముడుచుకుంటారు, మా నాన్న పేరు మీరే కొట్టేస్తారా అన్నట్టు. ఆ బాధ నాకర్థమవుతుంది. కానీ కన్నకొడుకు చెప్పనప్పుడు నేను వీధిలో పదిమందిని అడిగి తెలుసుకోవాలి. ఒకే పేరున్నవాళ్ళు మన వీధుల్లో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు కదా. అప్పలనరసమ్మలే నా భాగంలో ఆరుగురు.

మాకిచ్చే గౌరవ వేతనం 2025లో ఏడాదికి 6 వేల నుంచి 12 వేలు చేశారు. సంతోషం. దాంతోపాటు జాబితా సవరణ జరిగే ఆ నెలరోజులైనా వేరే డ్యూటీలు వేయకుండా ఉంటే ఇంకా బాగా చేయగలం.

జాలారిపేట చినబాబు · సోమవారం ఉదయం 7:55

టీచరమ్మ గారూ, మీ కష్టం తెలిసింది తల్లీ. మా గోడు కూడా ఇనండి.

మా వోళ్ళు వేటకి గుజరాత్ ఎల్తారు, వెరావల్. ఎల్తే నెలలకి నెలలు అక్కడే. ఇంటికి తాళం ఏసి ఉంటాది, లేదంటే ముసిలోళ్ళుంటారు. ఎవులో ఒచ్చి అడుగుతారు, "ఎల్లిపోనారు" అంటాది ముసిల్ది. ఆవిడ ఉద్దేశం ఏటి, వేటకెల్లినారని. రాసుకున్నోళ్ళ ఉద్దేశం ఏటి, ఊరే ఒదిలీసినారని. ఊరెల్లినోడు, ఊరొదిలీసినోడు ఒకటేనేటి? మా బావ పేరు ఇలగే పోనాది. మళ్ళీ రాయించుకోడానికి రెండు నెలలు తిరిగినాడు, అన్నాళ్ళ కూలీ ఎవులిస్తారు?

ఇంకోటి. మాకు ఇంటి నెంబర్లు సరిగ్గా లేవు. ఒకే ఇంట్లో నా ఓటు ఒక బూత్‌ల, నా పెళ్ళాం ఓటు ఇంకో బూత్‌ల.

అల్లిపురం వకీలు · సోమవారం ఉదయం 9:30

చినబాబూ, నువ్వడిగిన ప్రశ్నకి చట్టంలోనే జవాబుంది. అదే 1950 చట్టం, సెక్షన్ 20, ఉపసెక్షన్ 1ఏ: తాత్కాలికంగా ఊళ్ళో లేనంత మాత్రాన ఆ మనిషి అక్కడి మామూలు నివాసి కాకుండా పోడు. వేటకి వెళ్ళినవాళ్ళు, కట్టుబడి పనికి హైదరాబాదు వెళ్ళినవాళ్ళు అందరూ దీని కిందికే వస్తారు. ఈ ముక్క ప్రింటు తీసి ఇంట్లో పెద్దావిడ దగ్గర ఉంచు, ఎవరైనా వస్తే చూపించమను.

ఒకే ఇంటివాళ్ళని ఒకే చోట చేర్చడానికి ఫారం 8 ఉంది. 2022 ఆగస్టు నుంచి చిరునామా మార్పు, తప్పుల సవరణ, కొత్త కార్డు, దివ్యాంగులని గుర్తు పెట్టించుకోవడం అన్నీ ఆ ఒక్క ఫారంలోకే వచ్చాయి. అంతకుముందు నియోజకవర్గం దాటితే కొత్త ఓటరుగా చేరే ఫారం 6 పెట్టాలి, లోపలే అయితే 8ఏ. ఇది తెలియక చాలామంది పాత చోట ఓటు వదిలేసి కొత్త చోట మళ్ళీ కొత్త ఓటరులా చేరారు. మద్దిలపాలెం నుంచి మధురవాడకి ఇల్లు మారితే తూర్పు నియోజకవర్గం నుంచి భీమిలికి వెళ్ళినట్టు. ఆ ఒక్క మార్పులో ఒక మనిషి ఇద్దరవుతున్నాడు.

ఉక్కునగరం రిటైర్డ్ · సోమవారం మధ్యాహ్నం 1:15

ప్లాంటులో పనిచేసిన ఏళ్ళలో చాలాసార్లు ప్రిసైడింగ్ అధికారిగా వెళ్ళాను. బూత్ లోపలి సంగతి చెప్తాను.

పోలింగ్ రోజు మా దగ్గర ఇంకో జాబితా ఉంటుంది. ఇంట్లో లేనివాళ్ళు, ఊరు మారినవాళ్ళు, చనిపోయినవాళ్ళు అని బీఎల్వో గుర్తుపెట్టిన పేర్లు అందులో ఉంటాయి. ఆ పేరుతో ఎవరైనా వస్తే గుర్తింపు కార్డు రెండోసారి గట్టిగా చూసి, సంతకంతోపాటు వేలిముద్ర కూడా తీసుకుని ఓటు వేయనిస్తాం. నాకు ఇది మంచి పద్ధతి అనిపిస్తుంది. అనుమానం ఉన్న పేరుని ఏకంగా కొట్టేయకుండా ఈ జాబితాలో ఉంచితే దొంగ ఓటూ ఆగుతుంది, అసలు మనిషీ వెనక్కి పోడు. పెద్దబ్బాయి గారి అమ్మగారి పేరు కొట్టేయకుండా ఇందులో ఉండుంటే ఆవిడ ఆ రోజు ఓటు వేసి వచ్చేవారు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి చెప్తాను. మీ పేరు ఉండి, మీకంటే ముందే ఇంకెవరో మీ పేరు మీద ఓటు వేసేసి ఉంటే ఇంటికి వెళ్ళిపోకండి. టెండర్ ఓటు అడగండి. కాగితం బ్యాలెట్ ఇచ్చి, మీ పేరు ఫారం 17బీలో రాసి, విడిగా కవరులో పెడతాం. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కోర్టు అడిగితే సాక్ష్యంగా ఉంటుంది. నేను చేసిన ఏ ఎన్నికలోనూ ఇద్దరో ముగ్గురో మించి అడగలేదు.

యంత్రాల గురించి నన్ను చాలామంది అడుగుతారు. పోలింగుకి గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, తుడిచేసి, సీలు వేసి మొదలుపెడతాం. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ అద్దంలోంచి 7 సెకన్లు కనిపిస్తుంది. చివర్లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం 17సీలో రాసి ప్రతి ఏజెంటుకీ నకలు ఇస్తాం. నా అనుభవంలో యంత్రం దగ్గర ఏడ్చిన మనిషిని చూడలేదు. జాబితా బల్ల దగ్గర ఏడ్చినవాళ్ళని ప్రతిసారీ చూశాను.

కొమ్మాది కోడర్ · సోమవారం రాత్రి 8:05

ఇంత మథనం అవసరమా అండి? ఆధార్‌తో కలిపేస్తే రెండు చోట్ల ఉన్నవాళ్ళు ఒక్క రాత్రిలో దొరికిపోతారు. జాబితాని ఫోటోల్లా కాకుండా వెతకడానికి వీలైన అక్షరాల్లో పెడితే మనమే తప్పులు పట్టుకోవచ్చు. నేను మా భాగం దించుకుని చూశాను, ఒక్క పేరు కూడా వెతకడానికి రాదు, కళ్ళతో చదువుకోవాలి.

అల్లిపురం వకీలు · సోమవారం రాత్రి 9:00

తమ్ముడూ, ఆధార్ సంగతి ఒకసారి తెలుసుకుందాం. 2015లో ఎన్నికల సంఘం ఆ పని మొదలుపెట్టింది, ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆపేసింది. 2018 డిసెంబరులో తెలంగాణలో ఓటు వేయడానికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది పేర్లు లేక వెనక్కి వచ్చారో గుర్తుందా? అప్పుడు రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారే క్షమాపణ చెప్పారు. 2021లో చట్టం మార్చారు, ఆధార్ నెంబరు ఇవ్వడానికి ఫారం 6బీ తెచ్చారు, అయినా 2023లో కోర్టులో ఎన్నికల సంఘమే ఆధార్ నెంబరు తప్పనిసరి కాదని చెప్పింది. కంప్యూటర్ ఇద్దరూ ఒకరేనేమో అని అనుమానం చెప్పగలదు. తేల్చాల్సింది ఇంటికెళ్ళి అడిగే మనిషే.

వెతికే జాబితా విషయంలో నేను నీ వైపే, సగం. 2018లో ఇదే కోరుతూ వేసిన కేసుని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కోట్ల మంది వివరాలు ఎవరైనా ఒక్కసారిగా లాగేసుకుంటారన్నది ఎన్నికల సంఘం భయం, అదీ ఒట్టి భయమేం కాదు. కానీ తీసేసిన పేర్ల సంగతి వేరు. బీహార్‌లో 2025 ప్రత్యేక సవరణలో ముసాయిదా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయినప్పుడు, ఆ పేర్లన్నీ కారణాలతో సహా, కార్డు నెంబరుతో వెతుక్కునేలా పెట్టమని ఆగస్టు 14న కోర్టు ఆదేశించింది. మనం అడగాల్సింది అదే. చేర్చిన పేర్ల జాబితా ఎంత పెద్ద అక్షరాల్లో అంటిస్తారో తీసేసినవీ అంతే పెద్దగా, కారణంతో, వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి.

కొమ్మాది కోడర్ · సోమవారం రాత్రి 9:20

ఒప్పుకుంటున్నాను. బీహార్ ఉత్తర్వు సంగతి నాకు తెలియదు. "ఒక్క రాత్రిలో" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సీమేన్ ఇంటి నుంచి · మంగళవారం ఉదయం 11:00

మా ఆయన మర్చంట్ నేవీ. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, అందులో ఆయన ఓటు వేసింది ఒక్కసారి. మా ఎదురింటాయన తూర్పు నౌకాదళంలో పనిచేస్తారు, ఆయనకి సర్వీస్ ఓటరుగా పోస్టల్ బ్యాలెట్ కంప్యూటర్లోనే వస్తుంది, ఎక్కడున్నా నింపి పంపుతారు. ఇద్దరూ సముద్రం మీదే ఉంటారు. ఒకరికి ఓటుంది, ఇంకొకరికి లేదు. ఎందుకని మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను.

2023 జనవరిలో దూరం నుంచి ఓటు వేసే యంత్రం నమూనా ఒకటి ఎన్నికల సంఘం పార్టీలకి చూపించింది. ఒక్క యంత్రంలో 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చన్నారు. అది వలస కూలీల కోసం, ఓడలో ఉన్నవాళ్ళకి ఎలాగూ పనికిరాదు, అయినా ఆశపడ్డాను. పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది. మన విశాఖ లాంటి ఓడరేవు ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఇదే కథో. వినతిపత్రంలో మాకూ ఒక లైను రాయండి, ఈఆర్వో చేతిలో లేని పని అని తెలుసు, పైకైనా పంపిస్తారు.

ఏయూ హాస్టల్ · మంగళవారం సాయంత్రం 5:45

మాది పార్వతీపురం దగ్గర పల్లె. నాకు ఆగస్టులో పద్దెనిమిది నిండాయి. ఇదివరకైతే జనవరి 1 దాకా ఆగాలి. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తున్నాయి, పదిహేడు నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా బ్యాచ్‌లో నలభై మందిని అడిగితే ఈ సంగతి ఆరుగురికే తెలుసు.

నా సందేహం: ఓటు ఊళ్ళో ఉంచుకోవాలా, ఇక్కడ రాయించుకోవాలా? నాన్న ఊళ్ళోనే ఉండనీ అంటారు, పంచాయతీ ఎన్నికల్లో ఒక్కో ఓటూ లెక్కేనని. కానీ నాలుగేళ్ళు నేనుండేది ఇక్కడ.

బూత్ టీచరమ్మ · మంగళవారం రాత్రి 7:30

నాన్నా, రెండిట్లో ఏదైనా నీ ఇష్టం, రెండూ మాత్రం కుదరదు. హాస్టల్ చిరునామా మీద కావాలంటే కాలేజీ నుంచి ధ్రువపత్రం తీసుకుని ఫారం 6తో పెట్టు. రెండుచోట్లా ఉండకూడదని చట్టం, సంతకం పెట్టి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు అని సెక్షన్ 31లో ఉంది.

ఇక్కడొక మాట. 2024లో రాష్ట్రం మొత్తం మీద పోలింగు 80 శాతం దాటింది. మన నగరం దాని దరిదాపులకి రాలేదని, విశాఖవాళ్ళకి బద్ధకమని పేపర్లలో రాస్తారు. నేను గడప గడపకీ తిరిగినదాన్ని, ఆ మాట పూర్తిగా నిజం కాదు. శ్రీకాకుళం నుంచో విజయనగరం నుంచో వచ్చి ఇక్కడ పేరు రాయించుకుని, ఎన్నికల రోజు బస్సెక్కి ఊరెళ్ళి ఓటు వేసేవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. ఇల్లు మారినవాళ్ళు, పోయినవాళ్ళు కూడా జాబితాలో ఉంటారు. ఓటు వేసినవాళ్ళని ఆ ఉబ్బిన సంఖ్యతో భాగిస్తే శాతం తగ్గదా?

ఉక్కునగరం రిటైర్డ్ · మంగళవారం రాత్రి 8:10

టీచరమ్మ గారి మాటకి నాదీ సాక్ష్యం. కానీ ఉబ్బు తీస్తామని తొందరపడితే అసలు కండ పోతుంది, పెద్దబ్బాయి గారింట్లో జరిగింది అదే. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి, పెట్టినట్టు పేరున్నవాళ్ళే మేం పెట్టలేదన్నారు, పోలీసు కేసులయ్యాయి. ఎవరి పేరు తీయమని దరఖాస్తు వచ్చిందో ఫారం 10లో రాసి ఈఆర్వో ప్రకటించాలి. ఆ జాబితా ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో కూడా పెడతారు. కాలనీ సంఘంలో ఒక్కరు వారానికి ఒక్కసారి అది చూసే బాధ్యత తీసుకుంటే చాలు.

మద్దిలపాలెం పెద్దబ్బాయి · తర్వాతి ఆదివారం రాత్రి 8:50

వినతిపత్రం రాశాం. మరణానికి రుజువు, తీసేసిన పేర్లు గోడ మీద, తాత్కాలికంగా వెళ్ళినవాళ్ళ గురించి సెక్షన్ 20 గుర్తుచేయడం, బీఎల్వోలకి ఆ నెల వేరే పని వేయకపోవడం, ఓడ ఉద్యోగుల ఓటు. అయిదే. దానికంటే ముందు ఇంకొకటి చేశాం, అది చెప్పాలి.

ఈ ఉదయం మా అపార్ట్‌మెంటు కింద పార్కింగులో కుర్చీలు వేసి మా భాగం జాబితా మొత్తం పైకి చదివాం. ఒకరు చదవడం, మిగతావాళ్ళు వినడం. రెండు గంటలు పట్టింది. పోయినవాళ్ళ పేర్లు పదకొండు వచ్చాయి. ప్రతి పేరు దగ్గరా కాసేపు అందరూ మాట్లాడకుండా కూర్చున్నారు. సగం దాటాక అమ్మ పేరు వినిపించింది. అమ్మ తలెత్తి చూసింది. తండ్రి పేరో భర్త పేరో చూస్తే వేరే. వెనక వీధిలో ఉండే అదే పేరు గల ఆవిడ. ఆవిడ 2022లో పోయారు. వాళ్ళబ్బాయి అక్కడే ఉన్నాడు.

పోయినావిడ పేరు జాబితాలో ఉంది, బతికున్న మా అమ్మ పేరు పోయింది. వరస నెంబరు దగ్గర ఎక్కడో తారుమారయింది. ఆ అబ్బాయి లేచి వచ్చి అమ్మ చేతులు పట్టుకున్నాడు, "మేం అప్పుడే చెప్పుండాల్సిందమ్మా" అన్నాడు. అమ్మ అతని తల మీద చెయ్యి వేసింది. రేపు ఇద్దరం కలిసి వెళ్తున్నాం, అతను ఫారం 7తో, నేను అమ్మ ఫారం 6తో.

జాలారిపేట చినబాబు · ఆదివారం రాత్రి 9:15

అన్నా, మా పేటల కూడా ఇలగే సదివిద్దాం. ఒచ్చే ఆదివారం రామాలయం అరుగు మీద. సదవడానికి గొంతున్నోళ్ళు కావాల, మావోళ్ళని నేను పిలుస్తాను.

బూత్ టీచరమ్మ · ఆదివారం రాత్రి 9:40

చినబాబూ, పదింటికల్లా వస్తాను. నీ భాగం నెంబరు పంపు, జాబితా ప్రింటు తీసుకొస్తాను. ఫారం 6, 7, 8 మూడూ ఇరవయ్యేసి కాపీలు తెస్తాను. వేటకెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని తప్పకుండా రమ్మను.